డీ-అడిక్షన్ నుంచి ఇంటికొచ్చిన పిల్లాడు



కొండ దిగి వచ్చిన మనమూ, ఈ ఉప్పాడ తీరంలో వేటకెళ్ళే కుటుంబాల పిల్లలూ ఇవాళ ఒకే చోట కూర్చున్నాం. సంగతి ఇద్దరిదీ ఒకటే కాబట్టి. గంజాయి గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ అని పోలీసులు మన ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు కొట్టించారు. 2024లో ‘ఈగల్’ అని ప్రత్యేక విభాగమే పెట్టారు. తోటల లెక్క రాస్తారు, పట్టుకున్న కిలోల లెక్క రాస్తారు. వైద్యం అయ్యి ఇంటికొచ్చిన పదహారేళ్ళ పిల్లాడు ఆర్నెల్ల తర్వాత ఎలా ఉన్నాడో ఆ లెక్క ఎవరు రాస్తున్నారు? నేను ఆ పిల్లాడి గురించే మాట్లాడతాను.

గంజాయి మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు మొదలవుతుంది. మొదటి వారం బాగా ఎక్కువ. అన్నం సయించదు, నిద్ర పట్టదు. చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది గానీ, నిద్ర పట్టకపోవడం, పిచ్చి కలలు నెల దాటినా ఉండొచ్చు. అంటే పిల్లాడు సెంటర్ నుంచి ఇంటికొచ్చాక కూడా రాత్రిళ్ళు లేచి కూర్చుంటాడు. ఇంట్లో ఏమంటారు? “అన్ని రోజులు ఉంచొచ్చినా ఈడి పొగరు తగ్గలేదు” అంటారు. పొగరు కాదమ్మా, ఒళ్ళింకా సర్దుకుంటోంది.

ఇంకోటి. మత్తుకి అలవాటుపడి వైద్యం చేయించుకున్నవాళ్ళలో నూటికి 40 నుంచి 60 మందికి మళ్ళీ తిరగబెడుతుందని అమెరికా జాతీయ మాదకద్రవ్యాల పరిశోధన సంస్థ చెబుతోంది. బీపీ, ఉబ్బసం తిరగబెట్టడం కూడా దాదాపు అంతే. బీపీ పెరిగిందని ఊళ్ళో ఎవర్నీ వెలేసినట్టు చూడం కదా! ఒక్కసారి జారినవాడిని ఆ రోజే మళ్ళీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అది ఒక్క రోజు జారడమే. “ఈడింతే” అని వదిలేస్తేనే అది ఏడాదవుతుంది. నొప్పి మాత్రలు, ఇంజెక్షన్ల మత్తుకి అలవాటుపడ్డ పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కొన్నాళ్ళు మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది. పాత మోతాదే మళ్ళీ తీసుకుంటే ఊపిరి ఆగి చనిపోవచ్చు.

గంజాయి మానేసి పంక్చర్ సొల్యూషన్ పీల్చేవాడు కూడా బాగుపడినట్టు కాదు. 2018లో ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వేలో, పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనబడిన మత్తు ఇదొక్కటే: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం.

ఇక పండగలు. ఇది మనవాళ్ళకి నచ్చని మాట, అయినా అంటాను. జీలుగు కల్లు మన ఆచారం, నేను దానికి వ్యతిరేకిని కాదు. కానీ వైద్యం చేయించుకుని వచ్చిన పిల్లాడి చేతిలో పండగ పూట డొప్ప పెట్టి “ఇదేం గంజాయి కాదులేరా, తాగు” అనడం ఆచారం కాదు. వాడు వద్దంటే “పెద్దోడైపోయాడు” అని నవ్వకండి. పక్కన ఒక పెద్దాయన కూర్చుని, “ఆడికి నేనే వద్దన్నాను” అంటే చాలు. వాడి పరువు నిలబడుతుంది, మాటా దక్కుతుంది.

ఇక్కడి తమ్ముళ్ళకి పండగ కన్నా గడ్డు కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం 61 రోజులు. ప్రభుత్వం ఇచ్చే భృతి ఇంటికొస్తుంది సరే, ఆ పిల్లాడి పొద్దు ఎలా గడుస్తుంది? బోటు ఒడ్డున ఉంటుంది, పాత జట్టు ఆ నీడలోనే ఉంటుంది. మన దగ్గర హాస్టల్ మానేసిన పిల్లాడికి ఏడాది పొడుగునా ఇదే గతి. అందుకే ఇంటికి రాకముందే మాట్లాడిపెట్టాలి: బడిలో మళ్ళీ చేర్చుకుంటారా, వల బాగుచేసే దగ్గర ఎవరి పక్కన కూర్చోబెడదాం, కూలి డబ్బులు కొన్నాళ్ళు అమ్మ చేతికిద్దామా అని. ఈ ఊళ్ళో జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. అలా పక్కన ఇంకో మనిషి ఉండే పనయితే మేలు.

అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒక పద్ధతి నడిపి చూశారు. సెంటర్ నుంచి వచ్చిన టీనేజీ పిల్లల్ని “మీరే క్లినిక్‌కి రండి” అనకుండా, సుమారు మూడు నెలల పాటు మనిషే వాళ్ళింటికి వెళ్ళేవాడు. రమ్మని చెప్పి వదిలేసిన పిల్లలకంటే వీళ్ళు మెరుగ్గా నిలబడ్డారు. మనకి గుమ్మం ఎక్కడం చేతకాని పనా? దానికి డిగ్రీ అక్కర్లేదు. వారంలో రెండుసార్లు వెళ్ళి, గంజాయి ఊసెత్తకుండా, పక్కన కూర్చుని రావాలి. మందులూ కౌన్సెలింగూ డాక్టర్ల పని, అవీ ఆగకూడదు.

చట్టం కూడా తెలుసుకోండి. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడిన కేసు గానీ తక్కువ పరిమాణం కేసు గానీ ఉన్న వ్యసనపరుడు, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట వైద్యానికి చేరితే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ ఉండదు. గంజాయికి తక్కువ పరిమాణం అంటే కిలో వరకు. వైద్యం మధ్యలో వదిలేస్తే ఈ రక్షణ పోవచ్చు. పిల్లలకి మత్తు ఇచ్చినవాడికి 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. అదే చట్టం 74వ సెక్షన్ కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో బయటపెట్టడాన్ని నిషేధించింది. మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫోటోలున్నాయే, “గంజాయి బ్యాచ్” అని! అవి తీయించండి. ఆ ఫోటో ఫోన్‌లో ఉన్నంతకాలం వాడు ఏ పనికెళ్ళినా ముందు అదే చేరుతుంది.

మత్తు మాన్పించే సాయానికి ఫోన్ నంబర్ 14446, డబ్బులు పడవు. భోజనాలయ్యాక ఊళ్ళవారీగా కూర్చుందాం. పిల్లల పేర్లు ఎవరూ పైకి అనొద్దు. ఏ ఊరి నుంచి ఏ ఇద్దరు వెళ్ళి కూర్చుంటారో, ఏ రోజు వెళ్తారో, అంతే రాసుకుందాం.