కట్టినవాడే విప్పవలెను
(నందికొట్కూరు పఠనమందిరమున గావించిన ప్రసంగ పాఠము)



మనుష్యుల కష్టములే తీఱని దినములలో పశువుల గోడు వినువారెవ్వరని కొందఱు మమ్మడుగుచున్నారు. మన సీమలో ఈ ప్రశ్నకు చోటు లేదు. కాడియెద్దును కోల్పోయిన సేద్యగాడును, పాడిగేదెను కోల్పోయిన వితంతువును వఱద తీసిన పిమ్మటకూడ వఱదలోనే యుందురు. పశురక్షణము గృహస్థుని రక్షణములో భాగమే గాని దానికి పోటీ కాదు.

మనవారికి దయ లేదని మేమనము. గోశాలకు మేత సమర్పించువారు, కనుమనాడు పశువులకు పసుపు కుంకుమలు పెట్టువారు ప్రతి వీధిలోను గలరు. లోపము దయలో లేదు, సన్నాహములో నున్నది. ఏ పశుశాలకైనను పోయి, “అర్ధరాత్రి నీరు వచ్చినయెడల ఈ పశువులను ఎవరు విప్పుదురు? ఏ దారిని తోలుదురు? ఎచ్చట నిలుపుదురు?” అని యడుగుడు. దాతల పేర్లు గోడమీద చెక్కబడి యుండును. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము మాత్రము చాలచోట్ల దొరకదు.

ఆపద మనకు క్రొత్తది కాదు. 2009వ సంవత్సరమున నైరుతి ఋతుపవనము దేశమును మోసగించెను. మన రైతులు కరవునకు భయపడుచుండిరి. అట్టి యేటనే, అక్టోబరు 2వ తేదిని, గాంధీజయంతినాడు, తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచివేసెను. 19 లక్షల క్యూసెక్కుల వఱదకు నిర్మింపబడిన శ్రీశైలము జలాశయమునకు 25 లక్షలకు మించి నీరు వచ్చెను. 885 అడుగులకు నిలువవలసిన మట్టము 896 అడుగులు దాటెను. జలాశయపు వెనుకనీరు మన సంగమేశ్వరమువఱకు వ్యాపించి యున్నది. కర్నూలు కాలువ మన పొలములనుండి పాఱుచున్నది. నీటి యొడ్డున బ్రదుకువారము నీటికి సిద్ధపడకుండుట వివేకమా? కరవునకు ఎదురుచూచినవారిని వఱద పట్టుకొన్న ఆ యేటి పాఠమును మఱువరాదు.

కోస్తా సోదరులు ఇంతకుమించిన విపత్తును చూచిరి. 1977 నవంబరు 19వ తేదిని దివిసీమపై విఱుచుకొనిపడిన ఉప్పెనలో వేలకొలది జనులును, లక్షలకొలది పశువులును నశించిరి. స్వేచ్ఛగ నున్న పశువు ఈదును, మిట్ట వెదకును. గుంజకు కట్టబడిన పశువునకు ఈత వచ్చినను ఫలమేమి? పలుపు పొడవెంతయో దాని ప్రాణమంతే.

నీరొక్కటే ఆపద కాదు. 2019 ఆగస్టులో విజయవాడ సమీపమునగల కొత్తూరు తాడేపల్లి గోశాలలో ఒక్క రాత్రిలో సుమారు నూఱు ఆవులు మృతినొందెను. మేతపై అనుమానము కలిగి విచారణ జరిగినది. కారణమేదైనను, నేర్వవలసిన నీతి స్పష్టము. ఇండ్లలో చెదరియున్న పశువులలో ఒకదానికి కలిగిన కీడు ఒక యింటితో పోవును. వందలను ఒక్కచోట చేర్చినచో ఒక్క మోపు, ఒక్క తొట్టి, ఒక్క నిప్పురవ్వ అన్నిటికిని కీడు కావచ్చును. కావున పశుశాల పెద్దదైనకొలది జాగరూకతయు పెద్దది కావలెను.

ఇక చట్టము మాట. బందెలదొడ్డి కాపరి పట్టుబడిన పశువునకు మేతయు నీరును ఇయ్యవలెనని 1871 నాటి చట్టమే విధించినది. పశువును తన యధీనమున నుంచుకొన్న ప్రతివాడును దాని క్షేమమునకై తగిన ఏర్పాటులు చేయవలెనని 1960వ సంవత్సరపు చట్టము శాసించుచున్నది. జిల్లాకొక జీవకారుణ్య సంఘముండవలెనని 2001 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. జిల్లా విపత్తు ప్రణాళికలకు 2005వ సంవత్సరపు చట్టము ఆధారము. శాసనములకు కొఱత లేదు. కాని కాగితముమీది విధి పలుపు ముడి విప్పజాలదు. ఏ ముడిని ఎవ్వరు విప్పవలెనో పేరుతో నిర్ణయింపబడనంతవఱకు అందఱి బాధ్యతయు ఎవ్వరి బాధ్యతయు కాక పోవును.

మా సిద్ధాంతము సులభము. పశువును కట్టినవాడు దాని స్వయంరక్షణశక్తిని హరించినాడు. హరించినవాడే ఆపత్కాలమున దానిని రక్షింప బద్ధుడు. ఇది దానము కాదు, ఋణము.

ఈ ఋణము తీర్చుటకు వ్యయమెంత? ఎదిగిన పశువునకు దినమునకు సుమారు 6 కిలోల ఎండుగడ్డియు 50 లీటర్ల నీరును కావలెను. నూఱు పశువులకు పది దినములకు 6 టన్నుల గడ్డి, 50,000 లీటర్ల నీరు. పట్టణమునందలి వర్తకులు తలచుకొన్నచో ఇది ఎంత? ఆ గడ్డివామిని మిట్టమీద, కొట్టములకు దూరముగ వేయవలెను. ఒక్క నిప్పురవ్వకు రెండును ఆహుతి కారాదు. తొలకరికి ముందే గొంతువాపునకు టీకాలు వేయింపవలెను. ప్రతి పశువు చెవి బిళ్లమీది 12 అంకెల సంఖ్యను పట్టికలో వ్రాసి, ఆ పట్టికను వేఱొకచోటకూడ భద్రపఱుపవలెను. ఒక్క లాగున విడిపోవు ముడులు, పలుపులు కోయుటకు కొడవండ్లు, రెండు ద్వారములు, రాత్రి కావలివాని పేరు, పశువైద్యుని జాడ, ఇవియన్నియు ఒక్క కాగితమున వ్రాసి గోడకు తగిలింపవలెను. ఏటికొకసారి, వానకాలమునకు ముందు, పశువులను నిజముగ విప్పి మిట్టకు తోలి చూడవలెను. తోలి చూడని దారి దారి కాదు.

సముద్రముల కావల అమెరికాలో 2005వ సంవత్సరమున కత్రినా తుపాను వచ్చినపుడు, పెంపుడు జంతువులను వదలి రాజాలక ఇండ్లలోనే నిలిచిపోయినవారు పెక్కుమంది. మరుసటి యేడే, ఆపత్కాలపు ఏర్పాటులలో ఆ జంతువులనుకూడ చేర్పవలెనని అచ్చటి ప్రభుత్వము శాసనము చేసినది. మన రైతుమాత్రము ఎడ్లను వదలి పడవ యెక్కునా? పశువునకు చోటు చూపనివాడు మనుష్యునికిని చోటు చూపలేడు.

వచ్చు తొలకరిలోపల ఈ తాలూకాలోని ప్రతి పశుశాలకును ఇద్దఱిద్దఱు స్వచ్ఛందసేవకులు పోయి, మేము చెప్పిన మూడు ప్రశ్నలను అడుగుడు. సమాధానము లేనిచోట నిందింపక, కూర్చుండి ఆ కాగితమును వ్రాసి యిండు. ప్రభుత్వమును అడుగవలసినది అడుగుదము. మన చేతిలోని ముడులను మాత్రము మనమే విప్పుదము.