వ్రేళ్లలోని వరుస, కాగితముమీది వరుస

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



గ్రంథాలయమనగా చదువదగిన పుస్తకములుండు చోటని లోకమెరుగును. చదువుటకుగాక వాయించుటకై అచ్చువేసిన పుస్తకములు కూడ కలవు. అవి మన పల్లెల బీరువాలలో అరుదు. ముత్తంగి పరిసరములలో భజన కూటమునందో, పౌరాణిక నాటకమునందో హార్మోనియము విననివారుండరు. కాని ఆ పెట్టె వాయించువాని ముందర కాగితమెన్నడైన కనబడినదా? వరుసలన్నియు ఆయన వ్రేళ్లలోనే యుండును. ఆయన పోయిననాడు పెట్టె మిగులును, వరుస మిగులదు. నేటి ప్రసంగము ఆ లేని కాగితమును గూర్చినది.

పాశ్చాత్యుల దేవాలయములలో ఆర్గాన్ అను వాద్యము కలదు. మన హార్మోనియమునకది పెదనాన్న వరుస అగును. తిత్తులతో నింపిన గాలి చిన్నవియు పెద్దవియునగు గొట్టములలోనికి పోయి మ్రోగును. రెండు చేతులకును మెట్లుండుటయేగాక, పాదములకు కూడ వేరు మెట్లుండును. కావున దాని పాట వ్రాయునపుడు ఐదేసి గీతల పట్టీలు మూడు ఒకదానిక్రింద నొకటి గీయుట పరిపాటి. పై రెండును చేతులకు, అడుగుది పాదములకు. జర్మనీ దేశీయుడగు బాఖ్ (1685–1750) ఇటలీ దేశపు వివాల్డి పెక్కు తంత్రీవాద్యములకై కూర్చిన రచనలు కొన్నింటిని ఈ ఒక్క వాద్యముపై పలుకునట్లు మార్చి వ్రాసెను. పదిమంది పని ఒక్కని చేతులకును కాళ్లకును పంచుటయన్నమాట. ఆ కాగితము నిలిచినందున నేటికిని ఆ లిపి తెలిసిన వాదకుడు ఆ స్వరములనే ఎత్తుకొనగలుగుచున్నాడు. అయినను ఏ గొట్టముల వరుసను పలికింపవలయునో ఆ కాలపు కాగితములపై తరచు వ్రాసియుండదు. ఒక గుడిలోని ఆర్గాన్ మరియొక గుడిలో ఉండదు గనుక, ఆ నిర్ణయము వాయించువానిదే. వ్రాతకు కొంత, మనిషికి కొంత.

మన సంగీతమునకీ వ్రాత అబ్బుట అంత సులువుగా జరుగలేదు. చెన్నపట్టణమున ఏ. ఎం. చిన్నస్వామి ముదలియారు అను క్రైస్తవ గృహస్థుడుండెను. సర్కారు కచేరీ ఉద్యోగి. పగలు దస్త్రములతో పొద్దుపుచ్చినవాడు త్యాగరాజస్వామి తెలుగు కృతులను ఐదు గీతల పాశ్చాత్య లిపిలోనికెక్కించుటకు పూనుకొని, 1893లో తన గ్రంథమును వెలువరించెను. (కచేరీ దస్త్రములు మోయువారికి సాహిత్య సంగీతములు పట్టవనువారు ఈయనను తలచుకొందురుగాక.) ఆయన అంతటితో తృప్తిపడక ఎట్టయాపురము వెళ్లి, ఆ సంస్థానాధిపతి ద్వారా సుబ్బరామ దీక్షితులను ఒప్పించెను. ఈ దీక్షితులు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామికి దౌహిత్రుడై, ఆయనకే దత్తుడైనవాడు. ఇంటి విద్యను వీధికెక్కించుటకు ఆ వంశమువారికి మనసొప్పుట తేలికయా? అయినను ఒప్పిరి. 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఎట్టయాపురమున అచ్చయ్యెను. ఆ ఊరు తమిళదేశమున ఉన్నను గ్రంథము మాత్రము తెలుగు లిపిలో వెలసెను. అది వెలువడునాటికి ముదలియారు జీవించిలేరు.

ఆ గ్రంథమునందలి గొప్ప యేమనగా, సరిగమలు వ్రాసి ఊరకుండక, కంపితము, స్ఫురితము, నొక్కు, జారు మొదలగు గమకములకు వేర్వేరు గుర్తులేర్పరచి అక్షరములతోపాటు అచ్చువేయుట. స్వరము ఎక్కడ నిలువవలయునో చెప్పుట సులభము. ఎట్లు ఊగవలయునో చెప్పుటయే కష్టము. దీక్షితులు ఆ కష్టమునకే తలయొగ్గెను.

హార్మోనియము చిక్కంతయు ఈ ఊపునందే యున్నది. ఈ పెట్టెకు పారిస్ నగరమున దెబైన్ అనునతడు 1840లో పేటెంటు పొందెను. ఇందులో గొట్టములు లేవు. గాలి తగిలి ఇత్తడి రేకులు అదరుటచే నాదము పుట్టును. నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి నూదుచు మరియొక చేత వాయించుటకనువగు రూపమును ఆ శతాబ్దపు చివరి పాదమున కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ ప్రచారమునకు తెచ్చెను. మెట్టుకు మెట్టుకు నడుమ జారుటకు దీనిలో త్రోవ లేదు. ఈ లోపమునే యెంచి 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో దీనిని వెలివేసెను. ఆ కట్టడి 1971లోగాని కొంత సడలలేదు.

రేడియో వెలివేసినను రంగస్థలము విడువలేదు. 1885లో వనారస గోవిందరావు ఆరంభించిన సురభి నాటక సమాజము మొదలుకొని పల్లెటూరి మేళములవరకు ఈ పెట్టెయే పెద్దదిక్కయ్యెను. పద్యమునకు ముందు శ్రుతి చూపుట, నటుడు రాగము తీయుచుండ వెన్నంటుట, ఊపిరి తీసికొన్నప్పుడు సందు పూరించుట, ఇవన్నియు ఒక్కని పని. బాఖ్ కాగితముపై చేసిన కూర్పును మన హార్మోనిస్టు అప్పటికప్పుడు చేయును. కాని వ్రాయడు. చిక్కు అచటనే.

మన జిల్లాల క్రైస్తవుల పాటలను కూడ గమనింపుడు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు కర్ణాటక రాగతాళములలో కీర్తనలు రచించిరి. తెలుగు కీర్తనల పుస్తకములో పాటపైన రాగము పేరు, తాళము పేరు ఉండును. స్వరములుండవు. ఇంగ్లండునుండి వచ్చిన కీర్తనకో, గీతల కాగితము వెంటవచ్చెను. అన్నదమ్ముల వంటి రెండు పాటలలో ఒకదానికి దస్తావేజున్నది, మరియొకదానికి నోటిమాటయే ఆధారము. మన రామభజనల స్థితియు నిట్టిదే.

వ్రాసినంత మాత్రమున పాట చేతికి చిక్కునా యని అడుగుదురు. చిక్కదు. పహాణీలో చేని విస్తీర్ణమును, పంటను వ్రాసెడివారు. ఏ గట్టున నీరు నిలుచునో సేద్యగానికే తెలియును. అయినను పహాణీ లేని చేనికి హద్దు తగవు తప్పినదా?

తెలుగు స్వరలిపి నేర్చుట మాసము దినముల పని. పైన రాగతాళములును, ఏ శ్రుతియో దానియు వ్రాయవలయును. పై స్థాయి స్వరమునకు నెత్తిపై చుక్క, క్రింది స్థాయికి అడుగున చుక్క. ఒక అక్షరకాలము సాగినచో కామా, రెండైనచో సెమికోలన్. తాళపు ఖండము ముగిసినచోట నిలువుగీత. పాటకుని ఊపు తెలిసిన మేర ప్రక్కన మాటలలోనైన వ్రాయవచ్చును.

ఈ గ్రంథాలయపు బీరువాలో ఒక గట్టి అట్ట నోటుబుక్కు అందుకై ఉంచవలయునని మనవి. ధనుర్మాస భజనలు ఆరంభమగుటకు ముందే, పెద్ద హార్మోనిస్టులను కూర్చుండబెట్టి, మేలుకొలుపు వరుసతో మొదటి పుట వ్రాయవచ్చును. బడి పిల్లలలో దస్తూరి చక్కనివారు ఇద్దరు చాలుదురు.