ఆకుకు పరీక్ష ఎందుకు?

 

మన పిల్లలు ఇప్పుడు బీఫార్మసీ, బీఎస్సీ చదువుతున్నారు. సంతోషం. వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మన తాతల నాటి ఆకుకు మళ్లీ ల్యాబులో పరీక్ష ఎందుకు? అది పెద్దల్ని అనుమానించినట్టు కాదా?" కాదు. ఎందుకు కాదో ఒక్క మొక్కతో చెబుతాను.

అది వెర్రిపాల. కొన్నిచోట్ల మేకమేయని ఆకు అంటారు. శాస్త్రీయ నామం టైలోఫోరా ఇండికా. ఆయాసానికి దీని ఆకు వాడటం పాత అలవాటు. ఊరు మారితే పేరు మారే మొక్క కాబట్టి మొదట చేయాల్సింది గుర్తింపు. పువ్వుతో సహా కొమ్మను ఆరబెట్టి, వృక్షశాస్త్రం తెలిసినవారితో పేరు ఖాయం చేయించాలి. మొక్క తప్పితే పరీక్షంతా వృథా.

తర్వాత ఆకును నీడన ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేస్తే సారం మిగులుతుంది.

వాపు పరీక్షకు ఎలుక పాదంలో కారజీనన్ అనే సముద్రపు నాచు పదార్థాన్ని ఎక్కిస్తారు. కొన్ని గంటల్లో పాదం వాస్తుంది. ఒక గుంపుకు మందేమీ ఇవ్వరు, ఒక గుంపుకు తెలిసిన మందు, ఇంకో గుంపుకు మన సారం ఇస్తారు. మందు లేని గుంపులో వాపు 1 మిల్లీలీటరు, సారం ఇచ్చిన గుంపులో 0.6 వచ్చిందనుకోండి. అంటే వాపు 40 శాతం తగ్గినట్టు. ఇలాంటి ప్రయోగానికి నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి.

అలర్జీ పరీక్ష వేరు. మన చర్మంలో, ముక్కులో, ఊపిరితిత్తుల్లో మాస్ట్ కణాలుంటాయి. దుమ్మో పుప్పొడో పడనివారిలో అవి హిస్టమిన్‌ను వదులుతాయి. తుమ్ములు, దురద మొదలవుతాయి. సారం ఇచ్చాక ఎన్ని కణాలు చెదరకుండా నిలిచాయో మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు.

కానీ ఎలుక మనిషి కాదు. అందుకే 1960ల చివర ఢిల్లీ వైద్యులు 110 మంది ఆయాసం రోగులపై ఈ ఆకును పరీక్షించారు. ఆరు రోజులు, పొద్దున్నే ఒక ఆకు. కొందరికి వెర్రిపాల, మిగతావారికి పాలకూర. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. వారం తర్వాత వెర్రిపాల నమిలినవారిలో 62 శాతం మందికి ఉపశమనం కనిపించింది. పాలకూర నమిలినవారిలోనూ 28 శాతం మందికి కనిపించింది!

పరీక్ష ఎందుకో ఆ 28 శాతమే చెబుతుంది. నమ్మకం వల్ల కొంత, రోగం దానంతటదే నెమ్మదించడం వల్ల కొంత మేలు కనిపిస్తుంది. అది తీసేయగా మిగిలిందే ఆకు బలం. నోరు పూయడం, ఉప్పు రుచి తెలియకపోవడం, వాంతులు లాంటి ఇబ్బందులూ బయటపడ్డాయి. 1970ల చివర జరిగిన మరో పరీక్షలో మాత్రం మేలు కనిపించలేదు. అంటే పని ఇంకా మిగిలే ఉంది. అది మీలో ఎవరైనా చేయవచ్చు. అంతవరకు ఇన్‌హేలర్ మానేసి, ఫోన్‌లో వీడియో చూసి ఆకులు నమలకండి.

పెద్దల దగ్గరికి వెళ్లినప్పుడు ఆకు పేరొక్కటే రాసుకోకండి. ఏ కాలంలో కోస్తారు, పచ్చిదా ఎండుదా, ఎంత మోతాదు, ఎవరికి ఇవ్వకూడదు అన్నీ అడగండి. ల్యాబుకు దారి చూపేవి ఆ వివరాలే.

అయితే ఆ జ్ఞానం ఎవరిది? కేరళలో కాణి ఆదివాసులు 1987లో శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ మొక్కను చూపించారు. దాన్నుంచి తయారైన 'జీవని' మందుపై వచ్చిన లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణీల వాటాగా నిర్ణయమైంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఉందా? ఎవరిని అడిగి రాశారు? వెళ్లి చూడండి.

మన ఆకును ఎవరో పరీక్షించి మనకు చెప్పే రోజులు చాలు. పెద్దల అనుమతితో, ఊరి పేరుతో, మన పిల్లలే పరీక్షించాలి. ఫలితం అవునని వచ్చినా, కాదని వచ్చినా, ముందు ఊరికొచ్చి చెప్పాలి.