యూత్ మీటింగులో వణికే గొంతు



తమిళ సీమ నుంచి ఒకాయన తెలుగునేలకు వచ్చారు. వి.ఎస్. అజరయ్య, 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టారు. ఇరవై దాటీ దాటకుండానే వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగి కుర్రాళ్లను కూడగట్టారు. 1909లో డోర్నకల్ చేరి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

కుర్రాళ్లను కూడగట్టడం ఒక ఎత్తు, వాళ్లతో మాట్లాడించడం ఇంకో ఎత్తు. పిల్లలకే పని అప్పగించాలన్న ఆలోచన 1881లో అమెరికాలో ఫ్రాన్సిస్ క్లార్క్ మొదలుపెట్టిన క్రిస్టియన్ ఎండెవర్ అనే యువజన సంఘానిది. దాని మీటింగుల్లో ప్రతి సభ్యుడూ ఏదో ఒకటి మాట్లాడాలి, ఒక్క వాక్యమైనా సరే. పెద్దల ప్రసంగం కన్నా ఇదే మేలని నాకనిపిస్తుంది.

అలాంటి ఒక యూత్ మీటింగులో పదో తరగతి పిల్ల లేచి నిలబడుతుంది. "లెక్కల పరీక్షంటే భయంగా ఉంది, ప్రార్థన చేయండి" అంటుంది. గొంతు వణుకుతుంది. పక్కనున్న పిల్ల మెల్లగా, "నాక్కూడా" అంటుంది. అంతే, వెనక బెంచీలో నవ్వులు మొదలవుతాయి, ఆ వెంటే అందరి తలలూ వంగుతాయి.