చంచలచిత్తులగు బాలురు – ఔషధవివాదము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యాభివృద్ధినిగూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. అందొక్క విషయమునే విన్నవించెదము. ఏలూరునందేమి, తాడేపల్లిగూడెమునందేమి, కొల్లేటి లంకలయందేమి, మన యిండ్లలో నిలుకడలేని పిల్లలు గలరు. మొదలిడిన లెక్క ముగింపరు. పుస్తకము లెచ్చటనో విడిచివత్తురు. తరగతిలో పదినిమిషములు కూర్చుండలేరు. ఇది మితిమీరినచో వైద్యులు ఏ.డి.హెచ్.డి. యందురు, మనము అవధానలోపమనవచ్చును. శతావధానులకు శాలువలు గప్పిన మనము, ఒక్క విషయమునందును అవధానము నిలుపజాలని శిశువునకు బెత్తపుదెబ్బలే యిచ్చుచు వచ్చితిమి.

తాటిదోనెలో వలతో జాములకొలది కూర్చుండువాడు పాఠమునకు కూర్చుండలేడా, ఇది మొండితనమే యని తండ్రులందురు. తమకు ప్రియమగు పనియందు ఇట్టి బాలురు లగ్నమగుట కలదు. అప్రియమగు పనివైపు మనస్సును త్రిప్పుటయే వారికి దుష్కరము.

వీరికి మందీయవచ్చునా, కూడదా యను వివాదము క్రొత్తది కాదు. 1937లో అమెరికాయందు చార్లెస్ బ్రాడ్లీ యను వైద్యుడు బెంజిడ్రీను నిచ్చి, కొందఱు బాలురు పాఠములయందు కుదురుకొనుట గనెను. 1944లో స్విట్జర్లాండునందలి సీబా సంస్థలో మిథైల్‌ఫెనిడేట్ తయారయ్యెను. రిటాలిన్ అను పేర ప్రసిద్ధమైన దదియే. మన దేశమున నిది 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టమునకు లోబడినది. వైద్యుని చీటి లేనిదే కొనరాదు.

ఇది మత్తుమందు, ముట్టరాదని కొందఱు. పరీక్షలు వచ్చుచున్నవి, వెంటనే మాత్ర వ్రాయుడని కొందఱు. ఇరుతెఱగులును తగవు. 1999లో ప్రకటింపబడిన అమెరికాదేశపు పరిశోధనయందు 579 మంది పిల్లలను 14 నెలలు పరీక్షించిరి. ప్రవర్తనశిక్షణ యొక్కటికన్న, జాగ్రత్తగా పరిశీలించుచు నిచ్చిన మందు చాంచల్యమును హెచ్చుగా తగ్గించెను. రెండును కలిపినచో తక్కువ మోతాదు చాలెను. అయితే మూడేండ్లనాటికి ఆ వర్గముల నడుమ భేదము కనబడలేదు. కావున మందు చేయూత యిచ్చునుగాని, తల్లిదండ్రుల పనిని, గురువు పనిని తాను చేయదు. దానివలన ఆకలి మందగింపవచ్చును, నిద్ర తగ్గవచ్చును. బరువు, ఎత్తు, నాడి, రక్తపుపోటు చూచుచుండవలెను. ఆఱేండ్లలోపు శిశువులకు ముందుగా తల్లిదండ్రులకు శిక్షణ నిచ్చుటయే మార్గము.

అల్లరిచేయు ప్రతిబాలుడును రోగి కాడు. పండ్రెండేండ్లలోపే లక్షణములు పొడసూపవలెను; ఆఱు మాసములైన నిలువవలెను; ఇంటను బడియందును రెండుచోట్లను కనబడవలెను. దృష్టిలోపము, చెవుడు, నిద్రలేమి, రక్తహీనత యున్నవేమో ముందు చూడవలెను. 2020 డిసెంబరులో ఏలూరున వందలమంది మూర్ఛిల్లినప్పుడు, కొందఱి రక్తమున సీసము, నికెలు కనబడినవని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు తెలిపిరి. ఆ యుపద్రవమునకు కారణమదియే యని మేమనము. సీసము శిశువుల మెదడునకు హానిచేసి అవధానమును చెఱచుననుట మాత్రము నిశ్చితము.

మందునుగూర్చి యింత వాదించు మనము, బెత్తమునుగూర్చి యెన్నడైన వాదించితిమా? దానికి మోతాదు లేదు, చీటి లేదు, పరిశీలన లేదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కుచట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించినను, ఇండ్లలో ఆ చికిత్స యింకను సాగుచున్నది. దానికి తోడు మఱియొక వెఱపు కలదు. పిల్లవానిని మనోవైద్యునియొద్దకు గొనిపోయిరని తెలిసినచో, రేపు వాని యప్పకు సంబంధము తప్పునని తల్లులు దాచుదురు. ఈ వెఱపునకు కారకులు వైద్యులు కారు. సంబంధములు విచారించు మనమే. దానిని పోగొట్టవలసినదియు మనమే.

కావున పోషకులకు మూడు మనవులు. మన వసతిగృహమునందలి పిల్లలకు ఏటేట కన్నులను, చెవులను పరీక్ష చేయింపవలెను. అవసరమైనవారు నిపుణునియొద్దకు పోయివచ్చు ఖర్చులకై, బహుమానముల నిధినుండి కొంత భాగము వేఱుచేయవలెను; ప్రథమశ్రేణివారికే పతకము లిచ్చుచు, వెనుకబడినవాని దారిఖర్చు నడుగకుండుట సంఘధర్మము కాదు. అట్టి సాయము పొందినవారి పేరు పుస్తకములందు గాని, పెండ్లిమాటలందు గాని ఎవ్వరును ఎత్తరాదు.

మందీయవలెనా వలదా యనునది వైద్యుడును తల్లిదండ్రులును, ఎఱిగిన వయస్సు వచ్చినచో ఆ బాలుడును, కలసి నిర్ణయించుకొనవలసినది. వారు నిర్భయముగా వైద్యునియొద్దకు పోగలుగునట్లు చేయుట సంఘముయొక్క పని.