పుట్టబోవు బిడ్డలకు మనమేమి చెప్పుదుము?

(సంస్మరణ ఆరాధనలో చేసిన ప్రసంగ పాఠము)



యుద్ధములో ప్రాణములు కోల్పోయిన యౌవనస్థులను జ్ఞాపకము చేసికొనుటకు ఈ ఉదయము మనము కూడుకొన్నాము. ఇట్టి ఆరాధనలలో సాధారణముగా యోహాను సువార్త 15వ అధ్యాయము 13వ వచనము చదువుతాము. స్నేహితుల కొరకు ప్రాణము పెట్టు ప్రేమను గూర్చిన మాట అది. నేను నేడు దానికి బదులుగా సమూయేలు రెండవ గ్రంథము మొదటి అధ్యాయమును మీ యెదుట ఉంచుతున్నాను. అందుకు కారణమున్నది.

కొన్ని సంవత్సరముల క్రితము నేను సేవ చేసిన ఒక గ్రామములో, సైన్యములో పనిచేయుచున్న ఒక అబ్బాయి సరిహద్దున మరణించాడు. జాతీయ జెండా కప్పిన పెట్టె ఊరికి వచ్చింది. చుట్టుప్రక్కల ఊళ్లన్నీ తరలివచ్చాయి. పెద్దలు మాట్లాడారు. నేను కూడ ఆ వచనమే చదివి, గొప్పగా ప్రసంగించాననుకొన్నాను. పది దినముల తరువాత ప్రార్థనకు వెళ్లగా ఇంటి ముందు ఎవరును లేరు. ఆ తల్లి నాకు మంచినీళ్లిచ్చి, “అయ్యగారూ, మా వాడు దేశం కోసం ప్రాణమిచ్చాడని అందరూ చెప్పారు. మంచిదే. కాని చిన్నప్పుడు వాడికి చీకటంటే భయమని, నా కొంగు పట్టుకొనిగాని పెరట్లోకి వెళ్లేవాడు కాదని మీకెవరికైనా తెలుసా?” అని అడిగింది. నాకు మాట రాలేదు. నేను ఆ బిడ్డ మరణమును గూర్చి మాట్లాడాను గాని ఆ బిడ్డను గూర్చి మాట్లాడలేదు.

నాటి నుండి యుద్ధవీరులను గూర్చి నేను చదువు తీరు మారింది. 1999లో జరిగిన కార్గిల్ యుద్ధము మీలో అనేకులకు జ్ఞాపకమున్నది. మన సైనికులు 527 మంది ఆ యుద్ధములో మరణించారు. ద్రాస్ ప్రాంతములో జూన్ 28వ తేదీన జరిగిన పోరాటములో రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియనుకు చెందిన ఇద్దరు అధికారులు నేలకొరిగారు. ఒకరు మన హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య. ఇంకొకరు నాగాలాండ్‌కు చెందిన క్రైస్తవ యువకుడు కెప్టెన్ నెయికెజాకువో కెంగురూసె. ఇద్దరికిని మరణానంతరము మహావీరచక్ర ప్రకటించారు.

కెంగురూసె ఇరువది నాలుగేళ్ల యువకుడు. సైన్యములో చేరక ముందు బడిపంతులుగా పనిచేశాడు. ఆయన పేరు పలుకుట కష్టమై, ఆయన క్రింద ఉన్న జవానులు ప్రేమతో “నింబూ సాహెబ్” అని పిలుచుకొనేవారట. సుమారు 16,000 అడుగుల ఎత్తున, మంచు పట్టిన నిట్టనిలువు రాతిమీద బూట్లు జారిపోవుచుండగా, వాటిని విడిచి ఉత్తపాదములతో ఎక్కాడు. అప్పటికే ఆయన గాయపడి ఉన్నాడు. శత్రువుల స్థావరమును ఢీకొని అక్కడనే ప్రాణము విడిచాడు. ఆయన దేహము స్వస్థలమునకు వచ్చినప్పుడు వేలాది మంది నాగా ప్రజలు దారి పొడవున నిలిచారు. భారత సైన్యముతో ఎన్నో ఏండ్లు సంఘర్షణను, దుఃఖమును చూచిన నేల అది. ఆ నేల ఆ సైన్యపు యూనిఫారములో మరణించిన తన కుమారుని కొరకు ఏడ్చింది.

మేజర్ ఆచార్య ఇంటిలో ఆయన భార్య అప్పుడు గర్భవతి. యుద్ధరంగమునుండి తండ్రికి వ్రాసిన ఉత్తరములో, పుట్టబోవు బిడ్డకు మంచి గుణములు అలవడునట్లు తన భార్యకు ప్రతి దినము మహాభారతములోనుండి ఒక కథ చెప్పవలసినదిగా ఆయన కోరాడు. తండ్రి మరణించిన కొన్ని నెలలకు ఆడపిల్ల జన్మించింది. మృత్యువు ఎదుట నిలిచినవాడు తన పేరును గూర్చి గాక, తన బిడ్డకు ఏ కథ చెప్పుదురో అని తలంచాడు. ఆ తండ్రి మన మతస్థుడు కాకపోయినను, ఆయన తలంపు ప్రతి క్రైస్తవ తండ్రి నేర్చుకొనదగినది.

ఇప్పుడు దావీదు యొద్దకు రండి. గిల్బోవ పర్వతము మీద సౌలును యోనాతానును పడిపోయిన వార్త విని దావీదు విలాపగీతము పాడాడు. దానిని యూదావారికి నేర్పవలెనని ఆజ్ఞాపించాడు. ఆ గీతములో మూడు సంగతులు గమనించండి. అతడు వారి పేర్లు చెప్పి ఏడ్చాడు. యోనాతాను తనకు ఎంత ప్రియుడో దాచుకొనక చెప్పాడు. తన ప్రాణము తీయజూచిన సౌలు కొరకు కూడ ఏడ్చాడు. ద్వేషమును ఒక్క మాటైనను ఆ బిడ్డలకు నేర్పలేదు.

కార్గిల్‌లో మన సైనికులు ఇట్టి పని ఒకటి చేశారు. మరణించిన పాకిస్తాను సైనికులలో అనేకుల దేహములను స్వీకరించుటకు ఆ దేశము ముందుకు రానప్పుడు, మనవారే ఇస్లాము మతాచారము ప్రకారము వారిని ఆ కొండలమీద సమాధి చేశారు. టైగర్ హిల్ వద్ద పోరాడి చనిపోయిన పాకిస్తాను కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ ధైర్యమును మన బ్రిగేడియరొకరు కాగితముపై వ్రాసి, ఆయన జేబులో ఉంచి దేహమును పంపారు. తరువాత ఆ దేశము ఆయనకు తన అత్యున్నత పతకమునిచ్చింది. ఎదురుగా నిలిచి తుపాకి గుండ్లు కాచినవారికే అంత మనస్సుంటే, ఇంట క్షేమముగా కూర్చున్న మన నోట ద్వేషపు మాట రావచ్చునా?

ఒక హెచ్చరిక కూడ అవసరము. సైనికుని మరణమును సిలువతో సమానము చేయకండి. రక్షణ క్రీస్తు రక్తము వలననే. ప్రాణము పెట్టు ప్రేమను గూర్చి చెప్పిన ప్రభువు, ఆ రాత్రియే పేతురును కత్తి ఒరలో పెట్టుమన్నాడు. మన బిడ్డల త్యాగము గొప్పది. అయినను యుద్ధము మానవుని పాపమునకు గుర్తే. ఈ రెండు మాటలును కలిపి చెప్పగలిగినప్పుడే మనము సత్యము చెప్పినవారమగుదుము.

కాబట్టి, సంఘమా, సైనికుని కోల్పోయిన కుటుంబము మన మధ్య ఉంటే సంస్మరణ దినము నాడు మాత్రమే వారి గడప త్రొక్కకండి. జనము వెళ్లిపోయిన పదవ దినమున వెళ్లండి. ఆ బిడ్డను పేరు పెట్టి పిలిచి, “అమ్మా, మీవాడు చిన్నప్పుడెట్లుండేవాడు?” అని అడిగి, ఆమె చెప్పినంతసేపు వినండి. విన్నదానిని ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పండి. చీకటికి భయపడిన పిల్లవాడే పెద్దవాడై చీకటిలో కావలి కాశాడని చెప్పండి. ఎదుటివానికి కూడ ఒక తల్లి ఉన్నదని చెప్పండి. ఇక యుద్ధము నేర్చుకొనని దినము కొరకు యెషయా కనిపెట్టినట్లు, మనమును కనిపెట్టుదమని చెప్పండి.

సమాధానకర్తయగు దేవుడు దుఃఖములో ఉన్న ప్రతి గృహమును ఆదరించును గాక. ఆమెన్.