నెప్ట్యూన్ దొరికింది, వల్కన్ దొరకలేదు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు ఇన్నేళ్లూ చదివిన సిద్ధాంతాలు ఇంకో వందేళ్లకు కూడా నిజంగానే నిలుస్తాయా? ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ల వెరియే ఒక్కడి జీవితంలోనే ఈ ప్రశ్నకు రెండు జవాబులు దొరుకుతాయి.

యురేనస్ గ్రహం న్యూటన్ లెక్కకు లొంగకుండా తిరుగుతున్న రోజులవి. ల వెరియే న్యూటన్‌ను తప్పుపట్టలేదు. కంటపడని గ్రహమేదో దాన్ని లాగుతోందని ఊహించి, అది ఆకాశంలో ఎక్కడ ఉండాలో కాగితం మీదే తేల్చాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళ శాస్త్రవేత్త గాలె టెలిస్కోపు అటు తిప్పగానే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ కనిపించింది. న్యూటన్ సిద్ధాంతానికి అంతకు మించిన విజయం లేదు.

తర్వాత బుధ గ్రహం వంతు వచ్చింది. దాని కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరగా ఉండే బిందువు మెల్లగా జరుగుతూ ఉంటుంది. మిగతా గ్రహాల ఆకర్షణంతా లెక్కలోకి తీసుకున్నా శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు మిగిలిపోతున్నాయి. డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో 43. ఇంత చిన్న తేడాను పట్టుకుని వదలకపోవడమే ఆనాటి శాస్త్రవేత్తల గొప్పతనం. ల వెరియే మళ్లీ పాత దారే పట్టాడు. బుధుడి కన్నా లోపల మరో గ్రహం ఉందన్నాడు, దానికి వల్కన్ అని పేరు కూడా స్థిరపడింది. గ్రహణాలప్పుడు ఎందరో వెతికారు. అది లేనే లేదు.

1915 నవంబరులో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతం ఏ గ్రహం అవసరమూ లేకుండా ఆ 43 ఆర్క్ సెకన్ల లెక్క తేల్చింది.

మరి న్యూటన్ అబద్ధమైపోయాడా? శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ల దారిని లెక్కగట్టడానికి ఈనాటికీ ప్రధాన ఆధారం ఆయన సమీకరణాలే. మారిపోయింది గురుత్వాకర్షణ అంటే ఏమిటన్న వివరణ. దూరం నుంచి లాగే బలం పోయి, వంగిన స్థలకాలం వచ్చింది. పరీక్షకు నిలిచిన లెక్కలు తమ పరిధిలో మిగులుతాయి, వాటి వెనక మనం ఊహించుకున్న ప్రపంచం మాత్రం మారవచ్చు. ఐన్‌స్టీన్‌కూ ఇదే వర్తిస్తుంది. ఆయన సిద్ధాంతానికీ క్వాంటం సిద్ధాంతానికీ పొత్తు ఇంకా కుదరలేదు.

ఈనాడూ అలాంటి చిక్కే ఒకటి ఉంది. గెలాక్సీలు కనిపించే పదార్థం లెక్కకు మించి వేగంగా తిరుగుతున్నాయి. కనిపించని కృష్ణపదార్థం ఉందని ఎక్కువమంది నమ్మకం. గురుత్వ నియమాన్నే సవరించాలని కొందరి వాదన. కృష్ణపదార్థానికి బలమైన సాక్ష్యాలే ఉన్నాయి కానీ, దాని కణం ఇంతవరకు ఏ పరికరానికీ చిక్కలేదు. అది నెప్ట్యూనో వల్కనో తేలాల్సి ఉంది. ఈ హాలులోని వాళ్లు కొందరైనా ఆ వెతుకులాటకు పూనుకోవాలి.